మన ఊరి చుక్క ఎక్కడ?



పోయిన నెల తొమ్మిదో తరగతి సోషల్ పీరియడ్‌లో పిల్లలకు ఒక పని చెప్పాను. ఇంట్లో ఖాళీ అయిన ప్యాకెట్లు ఏవైనా మూడు, బిస్కెట్లవో, కారప్పొడివో, సబ్బులవో, తుడిచి తీసుకురమ్మన్నాను. ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాల్లో తయారుచేసినవారి చిరునామా ఉంటుంది. అది చదివి, గోడకు తగిలించిన భారతదేశం మ్యాపు మీద ఆ ఊరి దగ్గర స్కెచ్‌పెన్నుతో చుక్క పెట్టాలి. అంతే పని.

పీరియడ్ అయ్యేసరికి హిమాచల్ ప్రదేశ్ ఎర్రబడింది. గుజరాత్‌లో, తమిళనాడులో, హైదరాబాద్ చుట్టుపక్కల చుక్కలే చుక్కలు. ఖమ్మం, కొత్తగూడెం ఉన్నచోట మాత్రం మ్యాపు తెల్లగానే ఉంది. వాళ్ల నాన్న మిర్చి యార్డులో పనిచేసే ఒక అమ్మాయి చేతిలోని కారప్పొడి ప్యాకెట్టు తిప్పి తిప్పి చూసి అడిగింది: "మేడమ్, తేజ మిర్చి ఇక్కడి నుంచే లారీల్లో వెళ్తుంది కదా, మరి పొడి అక్కడి నుంచి ఎందుకొస్తుంది?"

మిల్లు ఉండాలి, పెట్టుబడి ఉండాలి, బ్రాండు ఉండాలి అని పుస్తకంలో ఉన్నదే చెప్పాను. చెబుతుంటే నాకే నమ్మకం కలగలేదు. ఖమ్మంలో కారం పట్టే మిల్లులు లేవా? డబ్బున్నవాళ్లు లేరా? అందుకే ఈ నెల పాఠం పిల్లలకు కాదు, మీకు.

ఆ రోజు మన వైపు పడ్డ చుక్క ఒక్కటే. ఒక అబ్బాయి భద్రాచలం మీద పెట్టాడు.

భద్రాచలం బిస్కెట్టు

అతను తెచ్చినది 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' బిస్కెట్ల పెట్టె. పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 2025 జూన్ 29న ప్రధానమంత్రి తన 'మన్ కీ బాత్' ప్రసంగంలో ఈ బిస్కెట్ల గురించి చెప్పారు. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్లిన మహిళలు ఇప్పుడు చిరుధాన్యాలతో బిస్కెట్లు చేస్తున్నారని, అవి హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్తున్నాయని అన్నారు. 'గిరి శానిటరీ ప్యాడ్స్' సంగతీ చెప్పారు. మూడు నెలల్లో 40,000 ప్యాడ్లు తయారుచేసి చుట్టుపక్కల స్కూళ్లకు, ఆఫీసులకు తక్కువ ధరకు అందించారట.

ఆ రోజు వాట్సాప్ గ్రూపుల్లో అందరం ఆ వీడియో పంపుకున్నాం. మెచ్చుకున్నాం. మనలో ఎంతమందిమి ఆ బిస్కెట్లు రెండోసారి కొన్నాం? నేను కొనలేదు. క్లాసులో ఆ పెట్టె చూశాకే గుర్తొచ్చింది.

ఒక ఆవిడ ఇంట్లో మంచి బిస్కెట్టు చేయగలగడం వేరు, అది హైదరాబాద్ చేరడం వేరు. రాగులు, జొన్నలు మన ప్రాంతంలో పాతవే. వంట చేతికి వచ్చినవాళ్లకూ కొదవ లేదు. ఆ చేతికీ దూరాన ఉన్న దుకాణానికీ మధ్య ఎవరో ఒకరు యంత్రం వాడటం నేర్పాలి, ఎన్నాళ్లు నిల్వ ఉంటుందో చూసి చెప్పాలి, లేబులు రాయాలి, బండిలో వేయాలి, కొనేవాడికి ఫోన్ చేయాలి. భద్రాచలంలో ఈ పనులకు ఐటీడీఏ అండగా నిలిచింది. అంగన్‌వాడీల కోసం చేపట్టిన 'గిరి పోషణ' పథకానికి ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏలతో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా కలిసి పనిచేసింది. పంటల శాస్త్రవేత్తలకూ గూడెంలోని మహిళలకూ మామూలుగా పరిచయం కలిసే దారి లేదు. ఆ పరిచయం ఎవరో కలిపించారు.

ఇది మన దగ్గర కొత్తగా పుట్టిన అవసరం కాదు. ఏజెన్సీ సంతల్లో ఉప్పుకూ బట్టకూ బదులుగా చింతపండు, ఇప్పగింజలు కొలిచి ఇచ్చి మోసపోయిన కథలు చర్ల, దుమ్ముగూడెం వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అడవిలో తేనె తీసినవాడికి తెలిసిన కొనుగోలుదారు ఒక్కడే, సంతకు వచ్చే షావుకారు. అప్పు ఇచ్చేదీ అతనే, ధర చెప్పేదీ అతనే. 1956లో గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అంటామే, పుట్టింది ఈ ముడి విప్పడానికే. 1979లో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులు కొనే హక్కును దానికే ఇస్తూ ప్రత్యేక నిబంధన కూడా వచ్చింది. జీసీసీలో లోపాలు లేవని కాదు. తేనె, తపసి బంక, కుంకుడుకాయ తెచ్చినవాడికి షావుకారు కాకుండా రెండో మనిషి కనిపించాడు, అది మాత్రం పెద్ద మార్పే. 2018 ఏప్రిల్ 14న చర్లకు అవతల, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో మొదలైన వన్‌ధన్ కేంద్రాల ఆలోచనా ఆ బాటలోదే. 20 మంది చొప్పున 15 సంఘాలను, అంటే సుమారు 300 మందిని కలిపి, సేకరించినదాన్ని అలాగే అమ్మకుండా శుభ్రం చేసి, ప్యాక్ చేసి అమ్మించడం.

దగ్గరివాళ్లు, ముఖపరిచయాలు

'నెట్‌వర్క్' అంటే మనకు ఫోన్‌లో గీతలు గుర్తొస్తాయి, లేదంటే కోటు వేసుకుని విజిటింగ్ కార్డులు ఇచ్చిపుచ్చుకునే సమావేశాలు. మన రెండు రాష్ట్రాల్లో అన్నిటికంటే గట్టి నెట్‌వర్క్ మాత్రం మహిళా పొదుపు సంఘాలదేనని నా అభిప్రాయం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు వ్యతిరేకంగా లేచిన మహిళల ఉద్యమం, అదే ఏడాది నాబార్డు మొదలుపెట్టిన సంఘాలకు బ్యాంకు రుణాల కార్యక్రమం, 2000లో సెర్ప్, 2011లో స్త్రీనిధి. పదీ పన్నెండు మంది ఒక సంఘం, సంఘాలు కలిసి గ్రామ సంఘం, పైన మండల సమాఖ్య, ఆ పైన జిల్లా సమాఖ్య. ఒకరి పూచీ మీద ఇంకొకరికి బ్యాంకు అప్పు ఇస్తోంది. ఇంతటి నమ్మకాన్ని కాగితం మీద సంతకాలతో తయారుచేయలేం.

అయితే ఈ బలంలోనే ఒక పరిమితి ఉంది. సంఘంలోని పన్నెండు మందీ ఒకే వీధివాళ్లు. ఒకరికి తెలిసినదే మిగతావాళ్లకీ తెలుసు. ఒకరికి తెలియని దుకాణం మిగతా పదకొండు మందికీ తెలియదు. అప్పు పుట్టాలంటే దగ్గరివాళ్లు కావాలి. కొత్త కబురు రావాలంటే దూరపువాళ్లు కావాలి.

దీన్ని అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజికశాస్త్రవేత్త అంకెలతో చూపించాడు. 1973లో అచ్చయిన ఆయన వ్యాసం ఈ విషయం మీద ఇప్పటికీ అందరూ చెప్పుకునేది. బోస్టన్ దగ్గర న్యూటన్ అనే ఊళ్లో, కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను ఆయన ఒక ప్రశ్న అడిగాడు: ఈ ఉద్యోగం సంగతి మీకు చెప్పినవాళ్లను అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారు? తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, తరచూ కలిసేవాళ్ల నుంచి కబురు అందినవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్ల నుంచి అందినవాళ్లు 55.6 శాతం. ఏడాదికి ఒకసారో, అదీ లేకుండానో కలిసేవాళ్ల నుంచి 27.8 శాతం. ప్రాణస్నేహితులు మనకు సాయం చేయాలనుకుంటారు, కానీ వాళ్లూ మనం ఉన్న గదిలోనే ఉంటారు. పెళ్లిలో పలకరించి వెళ్లిపోయిన మనిషి వేరే గదిలోంచి వస్తాడు.

ఈ లెక్కలో స్కూలు గేటు చాలా విచిత్రమైన చోటు. సాయంత్రం నాలుగున్నరకు అక్కడ సింగరేణి ఉద్యోగి, ఆర్టీసీ కండక్టరు, ఆడిటరు, మిర్చి కమీషన్ వ్యాపారి, మీసేవ సెంటరాయన, ల్యాబ్ టెక్నీషియన్, ప్రింటింగ్ ప్రెస్సు ఓనరు, లారీ ఓనరు, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే అమ్మగారు, బండి దిగకుండా ఫోన్ చూసుకుంటూ పక్కపక్కనే ఉంటారు. కులం కలిపింది కాదు, బంధుత్వం కలిపింది కాదు. పిల్లలు కలిపారు. పెద్ద నగరాల్లో ఇలాంటి కలయిక కోసం వ్యాపారులు ఏడాదికి డబ్బు కట్టి సంఘాల్లో చేరతారు. 1985లో కాలిఫోర్నియాలో పుట్టిన బీఎన్ఐ అనే సంస్థ పనంతా ఇదే, వారం వారం పొద్దున్నే కూర్చుని ఒకరికొకరు గిరాకీ చెప్పుకోవడం. మనకు గేటు దగ్గర పావుగంట ఊరికే దొరుకుతోంది.

వీధి దాటితే వేరే రాష్ట్రం

ముఖపరిచయం ఎంత విలువైనదో మన సరిహద్దులోనే ఒక ఉదాహరణ ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం కోసం ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. బడికి, ఆస్పత్రికి, సినిమాకి జనం మునుపటిలాగే అటూ ఇటూ తిరుగుతున్నారు. వ్యాపారానికి మాత్రం అది గట్టి గీత.

ఎటపాకలో ఒక ఆవిడ స్వీట్లు పెట్టెల్లో పెట్టి, పేరు వేసి, భద్రాచలంలో గుడి దగ్గరి దుకాణానికి అమ్మాలనుకుందనుకోండి. నడిచి వెళ్లే దూరమే అయినా చట్టం దృష్టిలో అది ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సరఫరా. పన్ను వర్తించే సరుకును అలా రాష్ట్రం దాటించి అమ్మేవాళ్లకు, చేతివృత్తుల వస్తువుల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సొంత రాష్ట్రంలోనే అమ్మితే ఏడాది అమ్మకం ఒక పరిమితి దాటేదాకా అక్కర్లేదు. ఈ సంగతి తెలియక నోటీసు అందుకుంటే ఆవిడ వ్యాపారమే మానేస్తుంది. ముందే తెలిస్తే ఏ వైపు అమ్మాలో, ఎప్పుడు రిజిస్టర్ చేసుకోవాలో నిర్ణయించుకుంటుంది. ఒక ఆడిటరుకు ఇది ఐదు నిమిషాల మాట. కానీ ఆవిడకు తెలిసినవాళ్లలో ఆడిటరు లేరు. ఉన్నా ఫీజు ఎంత అడుగుతారో అని వెళ్లదు.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. చిన్న పరిశ్రమగా గుర్తింపు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జులై 1 నుంచి ఆన్‌లైన్‌లో ఉంది, ప్రభుత్వానికి కట్టాల్సిన రుసుము ఏమీ లేదు. అయినా దానికి వేలు తీసుకునే మధ్యవర్తులు ఉన్నారు. తినే వస్తువు ప్యాక్ చేసి అమ్మాలంటే ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు కావాలి. ప్యాకెట్టు మీద తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, గరిష్ఠ ధర, వాడిన పదార్థాలు, శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు ఉండాలి. ఇవి మన ప్రింటింగ్ ప్రెస్సు నాన్నగారికి కంఠతా వచ్చు, రోజూ వేస్తుంటారు కనుక. పచ్చళ్ల అమ్మగారు ఆయన పక్కనే రోజూ నిలబడుతున్నారు.

'పర్లేదు మేడమ్'

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఆవిడను అడిగే రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట మా కాలనీలో ఒక కార్యక్రమానికి పిండివంటలు కావాల్సి వచ్చింది. లెక్కలు చూసేది నేను. ఇంట్లో చేసి అమ్మే ఒక ఆవిడకు అరిసెలు, జంతికలు, సున్నుండలు చెప్పాను. 15,000 రూపాయల బిల్లు, అడ్వాన్సు 3,000. అన్నీ బాగున్నాయి, అందరూ మెచ్చుకున్నారు. మిగతా డబ్బు చెక్కు మీద ఇంకొకరి సంతకం కావాలి. ఆయన ఊళ్లో లేరు, తర్వాత నేను మర్చిపోయాను, తర్వాత పరీక్షలు వచ్చాయి. దారిలో కనిపించినప్పుడల్లా "ఈ వారంలో పంపిస్తానమ్మా" అనేదాన్ని. ఆవిడ ప్రతిసారీ ఒకటే మాట: "పర్లేదు మేడమ్, వీలు చూసుకుని పంపండి."

రెండు నెలలయ్యింది. ఒకరోజు క్లాసులో ఫీజు గడువు గుర్తుచేసే చీటీలు పిల్లల డైరీల్లో అంటిస్తున్నాను. క్లాస్ టీచరుగా అది నా పని. ఒక చీటీ మీద ఆ ఆవిడ కూతురి పేరు ఉంది. ఆ 12,000 నా బీరువాలోని ఫైల్లో సంతకం కాని చెక్కుగా ఉంది. అదే చేత్తో నేను చీటీ అంటించాను. ఆ సాయంత్రమే డబ్బు పంపాను. మళ్లీ "పర్లేదు మేడమ్" అన్నారు. తర్వాత తెలిసింది, మధ్యలో వేరే ఆర్డరు వస్తే పిండికీ నూనెకూ డబ్బు లేక డైలీ ఫైనాన్సు దగ్గర తీసుకున్నారట.

ఇందులోని లెక్క పిల్లలతో వేయించండి. అంకెలు లెక్క కోసం తీసుకున్నవి. ఒకరి దగ్గర 12,000 రూపాయల పెట్టుబడి ఉంది. సరుకు చేసి 15,000కు అమ్ముతారు, విడతకు 3,000 మిగులు. డబ్బు పది రోజుల్లో తిరిగొస్తే 60 రోజుల్లో ఆరు విడతలు చేయొచ్చు. 18,000 మిగులుతుంది. డబ్బు 60 రోజులకు వస్తే ఒకటే విడత, 3,000. పోనీ పని ఆపకూడదని నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇంకో 12,000 తెచ్చారనుకుంటే, నెలకు 360, రెండు నెలలకు 720. రెండో విడత లాభంలో దాదాపు పావు వంతు వడ్డీకే పోయింది. సరుకు బాగాలేక కాదు, గిరాకీ లేక కాదు. డబ్బు మా ఇంట్లో కూర్చుంది కాబట్టి.

కారప్పొడి ప్యాకెట్టు పట్టుకుని ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబులో ఒక ముక్క ఇక్కడ దొరికింది నాకు. పెద్ద కంపెనీ సరుకుకు డిస్ట్రిబ్యూటరు చాలావరకు ముందే డబ్బు కడతాడు. ఊళ్లో తయారైన ప్యాకెట్టు తీసుకెళ్తే "పెట్టి వెళ్లండి, అమ్ముడయ్యాక చూద్దాం" అంటారు. అమ్ముడయ్యాక కూడా "వచ్చే వారం". మిర్చి కొనేది ఫిబ్రవరి, మార్చిలో, పొడి అమ్మేది ఏడాది పొడవునా. అంతకాలం డబ్బు ఆపుకోగలిగినవాడే పొడి వ్యాపారం చేస్తాడు. మిల్లు ఉన్నా సరిపోదు.

చట్టం ఈ విషయంలో చిన్నవాళ్ల పక్షమే. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థ నుంచి సరుకు తీసుకున్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువుకు, అదీ 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను లెక్కల్లోనూ, గడువు దాటిన ఆ బాకీని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోనిస్తున్నారు. మీలో ఆస్పత్రులు, షోరూములు, కాంట్రాక్టులు నడిపేవారికి ఇవి తెలిసే ఉంటాయి. కానీ ఏ చిన్న సరఫరాదారూ తన పెద్ద గిరాకీ మీద ఫిర్యాదు రాయడు. ఆ గిరాకీ పోతే మళ్లీ దొరకదు. అందుకే 'పర్లేదు' అంటాడు.

జాలితో కాదు

స్థానికంగా చేసేవాళ్లను ప్రోత్సహించాలి అనగానే మనం ఒకసారి కొని, ఫోటో పెట్టి ఊరుకుంటాం. వాళ్లకు పండగకు వచ్చే పెద్ద ఆర్డరు కంటే నెలనెలా వచ్చే చిన్న ఆర్డరే నిలబెడుతుంది. నెలకు ఇన్ని కిలోలు పోతాయని తెలిస్తే రాగులు పంట చేతికొచ్చినప్పుడే చవగ్గా కొనుక్కుంటారు, సాయానికి ఒక మనిషిని పెట్టుకుంటారు. సగం అడ్వాన్సు, సరుకు అందగానే మిగతా సగం. ఫోన్‌లో పంపడానికి అర నిమిషం పట్టదు.

బాగాలేకపోతే చెప్పండి. నూనె వాసన వస్తే వస్తోందని వాళ్లకే చెప్పండి, గ్రూపులో కాదు. మొహమాటపడి చెప్పకుండా, రెండోసారి కొనకుండా ఉండటం వాళ్లకు చేసే అన్యాయం. లేబులు, తేదీ లేని తినుబండారం తెలిసినవాళ్లది కదా అని పిల్లలకు పెట్టమని నేను చెప్పను. ఆ లేబులు ఎలా వేయించాలో వాళ్లకు చెప్పగలిగిన మనిషి మన గేటు దగ్గరే ఉన్నాడనే చెబుతున్నాను.

ఇంకో మాట. 'నెట్‌వర్క్' పేరుతో "మీరు ఇద్దరిని చేర్పించండి, వాళ్లు నలుగురిని చేర్పిస్తారు" అంటూ వచ్చే పథకాలు వేరు. డబ్బు వస్తువు అమ్మితే రాకుండా మనిషిని చేర్పిస్తే వస్తోందంటే అది గొలుసుకట్టు. అలాంటి వాటిని 1978లోనే చట్టం నిషేధించింది. పేరెంట్స్ గ్రూపుల్లో వాటికి చోటివ్వకండి, ఎంత దగ్గరివాళ్లు పంపినా సరే.

ఈ నెల ఇంటిపని

ముందుగా ప్యాకెట్ల ఆట ఇంట్లో ఆడండి. వంటగదిలో ఉన్న పది ప్యాకెట్లు తీసి, పిల్లల చేత చిరునామాలు చదివించండి. వాటిలో ఒక్కటి, ఒక్కటే, మన రెండు జిల్లాల్లో తయారైనదానితో మార్చగలరేమో చూడండి. అన్నీ మార్చమనడం లేదు, అది కుదరదు కూడా. భద్రాచలం వెళ్తే గుడి చూసి వచ్చేముందు బిస్కెట్లు, జీసీసీ తేనె ఎక్కడ దొరుకుతాయో పిల్లల చేత అడిగించండి. ధర పిల్లలే అడగాలి, డబ్బు పిల్లలే ఇవ్వాలి.

తర్వాత ఒక కాగితం మీద మీ కుటుంబానికి తెలిసినవాళ్లను రాయించండి. బంధువులు వద్దు, దగ్గరి స్నేహితులూ వద్దు. ఏడాదికి ఒకటి రెండుసార్లు కలిసేవాళ్లే కావాలి. పేరు పక్కన వాళ్లు చేసే పని, ఆ పక్కన 'వీళ్లను ఏం అడగవచ్చు' అని. ఇరవై పేర్లు దాటేసరికి పిల్లలు ఆశ్చర్యపోతారు, మీరూ ఆశ్చర్యపోతారు. పదో తరగతి పిల్లలున్నవారు ఈ పని తప్పకుండా చేయండి. ఇంజినీరింగ్, మెడిసిన్ తప్ప ఊళ్లో ఎన్ని పనులతో ఇళ్లు గడుస్తున్నాయో వాళ్లకు ఇంకెక్కడా కనబడదు. కాగితం ఇంట్లోనే ఉంచుకోండి, ఇతరుల ఫోన్ నంబర్లు స్కూలుకు పంపవద్దు.

చివరిది పెద్దవాళ్లకు మాత్రమే. చేయించుకున్న పనికి, తీసుకున్న సరుకుకు మీరు ఇవ్వాల్సిన చిన్న బాకీలు ఒకసారి చూసుకోండి. టైలరుకు, పాలాయనకు, టెంట్‌హౌస్ అతనికి, ట్యూషన్ అక్కకు. నేను చూసుకుంటే మూడు తేలాయి.

వచ్చే నెల రెండో శనివారం పేరెంట్స్ మీటింగ్ అయ్యాక, ఎనిమిదో తరగతి గదుల్లో అరగంట ఉంచుకున్నాం. ఇంట్లోనో, షెడ్డులోనో ఏదైనా తయారుచేసి అమ్మే తల్లిదండ్రులు ఒక వైపు కూర్చుంటారు. లెక్కలు, లేబుళ్లు, బ్యాంకు, రవాణా, ప్రింటింగ్ తెలిసినవారు ఇంకో వైపు. అమ్మకాలు ఉండవు, ప్రశ్నలే. ఏ వైపు కూర్చుంటారో పిల్లల డైరీలో ఒక్క ముక్క రాసి, 25వ తేదీలోగా పంపండి. కారప్పొడి ప్రశ్న అడిగిన అమ్మాయి వాళ్ల నాన్నగారు ఇప్పటికే పేరిచ్చారు. ఏ వైపు కూర్చోవాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదన్నారు.